60 వేల యూరోల పన్ను, 40 వేల లోపు కారు: స్పోర్ట్స్ కార్ల మీద పొగ రూల్స్ అసలు ఎలా పనిచేస్తాయి?

2024 మొదట్లో ఫ్రాన్స్‌లో కొత్త టొయోటా జీఆర్86 రిజిస్ట్రేషన్ చేయించాలంటే కట్టాల్సిన కార్బన్ పన్ను 60 వేల యూరోలు. కారు ఖరీదేమో 40 వేల లోపే. మన దగ్గర లైఫ్ ట్యాక్స్ బండి ధర చూసి వేస్తారు. వాళ్ళు కిలోమీటరుకి ఎన్ని గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదులుతుందో చూసి వేస్తారు. ఆ ఏడాది 194 గ్రాములు తాకితే చాలు గరిష్ఠ పన్ను పడేది, జీఆర్86 దాదాపు 200 గ్రాములు వదులుతుంది. పన్ను కారు ధరలో సగం దాటకూడదని అంతకుముందు ఒక హద్దు ఉండేది, 2024 నుంచి దాన్నీ ఎత్తేశారు. మరి అదే ఏడాది ఫెరారీ వాళ్ళు తెచ్చిన పన్నెండు సిలిండర్ల వీ12 కారు, నాలుగు లక్షల యూరోలది, కొన్నవాడు ఎంత కట్టాలి? అదే 60 వేలు. అంత పెట్టేవాడికి అదొక లెక్కా!

స్పోర్ట్స్ కార్లని పర్యావరణ చట్టాలు చంపేస్తున్నాయని పదేళ్ళుగా వింటున్నాం. సగం నిజం. వెయ్యి హార్స్‌పవర్ కార్లు ఇప్పుడున్నన్ని ఎప్పుడూ లేవు. పోతున్నవల్లా చిన్నవి, తేలికవి, మామూలు ఉద్యోగస్తుడు లోన్ పెట్టి కొనగలిగేవి. ఎందుకలా అవుతోందో అర్థం కావాలంటే ముందు ఈ రూల్స్ చిక్కుముడి విప్పాలి, ఎందుకంటే యూట్యూబ్‌లో అందరూ మూడు వేరువేరు విషయాల్ని ఒకే గాటన కట్టేసి 'ఎమిషన్ నార్మ్స్' అనేస్తారు.

మొదటిది మైలేజీ. కార్బన్ డయాక్సైడ్ రూల్ అన్నా మైలేజీ రూల్ అన్నా పెట్రోలు కారు విషయంలో ఒకటే. లీటరు పెట్రోలు కాలిస్తే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, దాన్ని ఏ ఫిల్టరూ ఆపలేదు. తక్కువ రావాలంటే తక్కువ తాగాలి, అంతే. కిలోమీటరుకి 200 గ్రాములంటే లీటరుకి పదకొండున్నర కిలోమీటర్లు. 95 గ్రాములంటే లీటరుకి 24.

రెండోది విషవాయువులు, మసి. నైట్రోజన్ ఆక్సైడ్లు, కార్బన్ మోనాక్సైడ్, కంటికి కనిపించని కణాలు. యూరప్‌లో యూరో 6, మన దగ్గర బీఎస్6 ఈ కోవలోవి. ఇక్కడ సగటు గిగటు ఉండదు, ప్రతి మోడలూ విడిగా పరీక్ష పాసవ్వాల్సిందే. మాజ్డా ఆర్ఎక్స్-8 రోటరీ ఇంజను యూరో 5 గట్టెక్కలేక 2010లో యూరప్ నుంచి తప్పుకుంది, రెండేళ్ళకి మొత్తానికే ఆగిపోయింది.

మూడోది శబ్దం, భద్రత, సైబర్ సెక్యూరిటీ లాంటి పొగతో సంబంధం లేని రూల్స్. నిస్సాన్ జీటీ-ఆర్ 2022లో యూరప్ వదిలింది శబ్దం రూల్స్ వల్ల. పోర్షే 718 పెట్రోలు కార్లు 2024లో అక్కడ ఆగింది సైబర్ సెక్యూరిటీ నిబంధనల వల్ల. మొదట్లో చెప్పిన జీఆర్86 కూడా చివరికి 2024లో యూరప్ నుంచి పోయింది భద్రతా నిబంధనల దెబ్బకే, డ్రైవర్‌ని గమనించే కెమెరాలు గట్రా అందులో ఇరికించడం గిట్టుబాటు కాలేదు. పన్ను మాత్రం ఫ్రాన్స్‌లో అప్పటికే దాని పని పట్టేసింది.

అసలు గమ్మత్తంతా మొదటి రకంలో ఉంది.

యూరోపియన్ యూనియన్ ఏ కారుకీ విడిగా 'నువ్వు ఇంతే వదలాలి' అని చెప్పదు. కంపెనీ అమ్మిన కార్లన్నిటి సగటు తీస్తుంది. 2020-21లో ఆ సగటు లక్ష్యం 95 గ్రాములు. పరీక్ష పద్ధతి మారాక 2025 నుంచి అది 93.6, బరువుని బట్టి ఒక్కో కంపెనీకి కొంచెం అటూ ఇటూ. దాటితే ప్రతి గ్రాముకీ, అమ్మిన ప్రతి కారుకీ 95 యూరోల జరిమానా. లక్ష కార్లు అమ్మిన కంపెనీ సగటున 5 గ్రాములు దాటిందనుకోండి, 4 కోట్ల 75 లక్షల యూరోలు సమర్పయామి.

ఇది ఉమ్మడి కుటుంబం లెక్క. పెద్దోడు పైసా పైసా కూడబెడితే చిన్నోడు బుల్లెట్ వేసుకుని తిరగొచ్చు, ఇంటి లెక్క సరిపోతే చాలు. టొయోటాకి యూరప్‌లో హైబ్రిడ్‌లు బోలెడన్ని అమ్ముడవుతాయి కాబట్టి జీఆర్ యారిస్ లాంటి అల్లరి పిల్లాడిని భరించగలిగింది. హైబ్రిడ్‌లూ ఎలక్ట్రిక్‌లూ లేని కంపెనీకి ఆ స్తోమత లేదు. ఇంట్లో కూడబెట్టేవాళ్ళు లేకపోతే పక్కింటివాళ్ళతో కలిపి లెక్క చూపించుకోవచ్చని కూడా చట్టంలో వీలుంది, దాన్నే పూలింగ్ అంటారు. 2019లో ఫియట్ క్రైస్లర్ టెస్లాకి డబ్బిచ్చి టెస్లా కార్లని తన సగటులో కలుపుకుంది. ఇలాంటి క్రెడిట్ల మీద, అన్ని దేశాలూ కలిపి, టెస్లాకి 2024లో వచ్చింది 276 కోట్ల డాలర్లు. అంటే పాత పెట్రోలు కంపెనీలు తమ ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్లని బతికించుకోడానికి ఎలక్ట్రిక్ కంపెనీని పోషించాయన్నమాట.

ఈ సగటు పిచ్చి ఎక్కడిదాకా వెళ్ళిందో చూడాలంటే ఆస్టన్ మార్టిన్ సిగ్నెట్‌ని చూడాలి. 2011లో ఆస్టన్ మార్టిన్ వాళ్ళు టొయోటా ఐక్యూ అనే మూడు మీటర్ల బుల్లి కారు తీసుకుని, ముందు తమ గ్రిల్ తగిలించి, లోపల తోలు కుట్టించి, 1.33 లీటర్ల ఇంజను అలాగే ఉంచి, మూడింతల ధర చెప్పారు. మా కస్టమర్లకి ఊళ్ళో తిరగడానికి చిన్న కారు కావాలి అన్నారు పైకి. సగటు తగ్గించుకోడానికే అని అందరికీ తెలుసు. 2013కల్లా ఆపేశారు, ఎవరూ కొనలేదు మరి.

నిజానికి ఆస్టన్ మార్టిన్ లాంటి వాళ్ళకి ఆ తిప్పలు అంతగా అక్కర్లేదు. ఏడాదికి యూరోపియన్ యూనియన్‌లో వెయ్యి కార్ల లోపు రిజిస్టర్ అయ్యే కంపెనీకి ఈ లక్ష్యం అసలు వర్తించదు. వెయ్యి నుంచి పదివేల లోపైతే 'మా వల్ల కాదు, మాకు విడిగా లక్ష్యం పెట్టండి' అని అర్జీ పెట్టుకోవచ్చు, 2035 చివరిదాకా. ఆ సడలింపుకి బ్రస్సెల్స్‌లో పెట్టిన ముద్దుపేరే ఫెరారీ సవరణ. ఫెరారీ ప్రపంచమంతా కలిపి 2024లో 13,752 కార్లు అమ్మింది, కానీ లెక్కలోకి వచ్చేది యూరోపియన్ యూనియన్‌లో రిజిస్టర్ అయినవే. బ్రిటన్ కూడా 2025లో మెక్‌లారెన్, ఆస్టన్ మార్టిన్ లాంటి చిన్న కంపెనీలకి 2030 పెట్రోలు కార్ల నిషేధం నుంచి మినహాయింపు ఇస్తామని చెప్పింది.

సో, తక్కువమందికి ఎక్కువ ధరకి అమ్మేవాడికి మినహాయింపు. లక్షల్లో హైబ్రిడ్‌లు అమ్మేవాడికి సగటు అండ. మధ్యలో ఇరుక్కున్నవాడు ఎవడంటే, మామూలు కార్లు చేసుకుంటూ సరదాకి ఒక చవక స్పోర్ట్స్ కారు కూడా అమ్ముదామనుకున్న మధ్యతరగతి కంపెనీ. వాడు అమ్మే ప్రతి స్పోర్ట్స్ కారూ సగటుని పైకి లాగుతుంది, ఒక్కో కారు మీద వచ్చే లాభం మాత్రం ఆ జరిమానాకి కూడా చాలదు. ఉదాహరణకి 200 గ్రాముల కారు లక్ష్యం కంటే సుమారు వంద గ్రాములు పైన ఉంటుంది, ఇప్పటికే సగటు హద్దు దగ్గరున్న కంపెనీకి ఆ కారొక్కటే సుమారు 9,500 యూరోల ఖర్చు తెస్తుంది. నాలుగు లక్షల కారు ధరలో కలిపేస్తే ఎవరికీ తెలియదు. 35 వేల కారులో కలిపితే ఎవడు కొంటాడు?

అమెరికా లెక్క ఇంకో రకం. 1973 చమురు సంక్షోభం తర్వాత 1975లో చట్టం చేసి, 1978 మోడళ్ళ నుంచి కెఫే అనే సగటు మైలేజీ రూల్ పెట్టారు. తర్వాత్తర్వాత దాన్ని కారు సైజుకి ముడిపెట్టారు. నాలుగు చక్రాల మధ్య ఎంత జాగా ఉందో కొలుస్తారు, జాగా ఎక్కువుంటే లక్ష్యం సులువు, తక్కువుంటే కఠినం. మాజ్డా ఎంఎక్స్-5 తీసుకోండి. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2.31 మీటర్లు, ఎడమ కుడి చక్రాల మధ్య సుమారు మీటరున్నర, అంటే మూడున్నర చదరపు మీటర్లకి కాస్త తక్కువ. చార్టులో అన్నిటికంటే కఠినమైన గడిలో పడుతుంది. టన్ను బరువుండే, ఎవరి జోలికీ పోని ఇద్దరు మనుషుల కారుకి కుటుంబమంతా ఎక్కే చిన్న హ్యాచ్‌బ్యాక్ పక్కన కూర్చోబెట్టి మార్కులు వేస్తారు. రెండున్నర టన్నుల పికప్ ట్రక్కుకేమో వేరే సిలబస్, సులువైన పేపరు. తక్కువ మైలేజీ కార్ల మీద 1978 చట్టంతో వచ్చిన గ్యాస్ గజ్లర్ పన్ను కూడా అంతే, గ్యాలన్‌కి 22.5 మైళ్ళ లోపు ఇచ్చే కార్ల మీద వెయ్యి నుంచి 7,700 డాలర్ల దాకా వేస్తారు, ఎస్‌యూవీలకీ ట్రక్కులకీ మాత్రం వర్తించదు. తేలికైన కారు చేసినవాడికి శిక్ష, ఏనుగంత బండి చేసినవాడికి రాయితీ. ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు చట్టం రాసినవాళ్ళ మీద నిజంగా ఒళ్ళు మండుతుంది.

ఆ పన్ను తప్పించుకోడానికి జనరల్ మోటర్స్ వేసిన ఎత్తు ఇంకా బాగుంటుంది. 1989 కార్వెట్ నుంచి మాన్యువల్ గేర్ల కార్లలో ఒక మెలిక పెట్టారు. ఇంజను వేడెక్కాక, ఫస్ట్ గేరులో గంటకి పాతిక ముప్పై కిలోమీటర్ల మధ్య మెల్లగా పోతూ యాక్సిలరేటర్ మీద కాలు సున్నితంగా ఉంచి సెకండ్ వేద్దామని లీవర్ లాగితే, సెకండ్ పడదు. లోపల ఒక చిన్న విద్యుత్ పిన్ను దారి మూసేస్తుంది, లీవర్ దానంతటది పక్కకి జరిగి నేరుగా ఫోర్త్‌లో పడుతుంది, డ్యాష్‌బోర్డు మీద ఒకటి నుంచి నాలుగుకి అని దీపం వెలుగుతుంది. పరీక్ష గదిలో రోలర్ల మీద నడిపేటప్పుడు ఇలా ఫోర్త్‌లో నడిస్తే ఇంజను తక్కువ తిరిగి మైలేజీ అంకె పెరుగుతుంది. రోడ్డు మీద సిగ్నల్ దగ్గర మాత్రం చిరాకు. కాలు కొంచెం గట్టిగా నొక్కితే మెలిక పనిచేయదు కాబట్టి, యజమానులు దాన్ని తప్పించుకోడానికి అవసరం లేకపోయినా గట్టిగా తొక్కడం మొదలుపెట్టారు. పెట్రోలు ఆదా కోసం పెట్టిన ఏర్పాటు పెట్రోలు తాగించింది. ఆ పిన్నుకి సిగ్నల్ అందకుండా చేసే చిన్న ప్లగ్గు ఒకటి బజారులో దొరుకుతుంది, చాలామంది కొన్న వారంలోనే అది తగిలించేసుకుంటారు.

పరీక్షలో వచ్చే అంకెకీ రోడ్డు మీది వాస్తవానికీ మధ్య ఉన్న ఈ ఖాళీలోనే గత పదిహేనేళ్ళ స్పోర్ట్స్ కార్ల చరిత్రంతా ఉంది. యూరప్‌లో 2017 దాకా నడిచిన ఎన్ఈడీసీ పరీక్ష 20 నిమిషాలు, 11 కిలోమీటర్లు, సగటు వేగం గంటకి 34. అంత నిదానంగా నడిపే పరీక్షలో చిన్న టర్బో ఇంజనుకి (టర్బో అంటే పొగ తోపుతో తిరిగి ఇంజనులోకి అదనపు గాలి నెట్టే పంఖా) ఫస్టు మార్కులు వస్తాయి, టర్బో నిద్రపోతుంటుంది, చిన్న ఇంజను తక్కువ తాగుతుంది. అందరూ అటు పరిగెత్తారు. బీఎండబ్ల్యూ ఎం3లో ఎనిమిది వేల ఆర్పీఎం దాటి కేకలు పెట్టే 4.0 లీటర్ల వీ8 పోయి 2014లో టర్బో ఆరు సిలిండర్లు వచ్చింది. 2015లో పోర్షే 911 కరేరా, ఫెరారీ 458 స్థానంలో వచ్చిన 488, రెండూ టర్బో అయ్యాయి. 2016లో పోర్షే బాక్స్‌టర్, కేమన్‌లకి నాలుగు సిలిండర్ల టర్బో పెట్టి 718 అని పేరు మార్చితే అభిమానులు ఎంత గోల చేశారంటే, మూడేళ్ళు తిరిగేసరికి ఖరీదైన వేరియంట్లలో టర్బో లేని 4.0 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను మళ్ళీ పెట్టాల్సి వచ్చింది.

ఇంతలో పరీక్షలో మాత్రమే శుభ్రంగా నడిచేలా సాఫ్ట్‌వేర్ పెట్టిన ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కుంభకోణం బయటపడింది, పరీక్షలు మారాయి. డబ్ల్యూఎల్‌టీపీ అనే కొత్త పరీక్ష వచ్చింది, 23 కిలోమీటర్లు, గరిష్ఠంగా గంటకి 131 కిలోమీటర్ల వేగం. దాంతోపాటు కారు వెనక పరికరాలు కట్టి నిజమైన రోడ్ల మీద తిప్పి కొలిచే పద్ధతీ వచ్చింది. 2018 సెప్టెంబరు నుంచి డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు కార్ల సైలెన్సర్ దారిలో మసి ఫిల్టర్ దాదాపు తప్పనిసరైంది, ఆ ఫిల్టర్‌తో చప్పుడు సగం చచ్చిపోయింది. స్పీకర్లలోంచి ఇంజను శబ్దం వినిపించే నాటకం అంతకుముందే 2011 బీఎండబ్ల్యూ ఎం5తో మొదలైంది, ఇప్పుడది మామూలైపోయింది.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం కాస్త ఓపికగా చదవాలి, ఎందుకంటే కథ మలుపు తిరిగేది దీంతోనే. పెట్రోలు పూర్తిగా కాలాలంటే ఒక కిలో పెట్రోలుకి 14.7 కిలోల గాలి కావాలి. పొగలోని విషవాయువుల్ని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా ఆ నిష్పత్తి దగ్గరే సరిగ్గా పనిచేస్తుంది. కానీ టర్బో ఇంజనుని బాగా తొక్కితే పొగ వేడి వెయ్యి డిగ్రీల దాకా పోతుంది, టర్బో రెక్కలు కరిగే ప్రమాదం. అందుకని ఇంజనీర్లు ఒక పాత చిట్కా వాడేవాళ్ళు: అవసరానికి మించి పెట్రోలు చల్లడం. కాలని పెట్రోలు ఆవిరవుతూ వేడి లాగేస్తుంది. అంటే మీ డబ్బుతో కొన్న ఇంధనాన్ని చల్లార్చడానికి వాడుతున్నారు, పైగా కార్బన్ మోనాక్సైడ్ అమాంతం పెరుగుతుంది. పాత పరీక్షలో అంత గట్టిగా తొక్కే సందర్భమే రాదు కాబట్టి ఇది ఎప్పుడూ దొరకలేదు. కొత్త రూల్స్, ముఖ్యంగా రాబోయే యూరో 7ని దృష్టిలో పెట్టుకుంటే, ఎంత తొక్కినా 14.7 దగ్గరే ఉండాలి.

అలా ఉండాలంటే అదే శక్తి కోసం ఇంజను పెద్దదవ్వాలి. 2024లో పోర్షే తెచ్చిన 911 జీటీఎస్ చూడండి: అంతకుముందు 3.0 లీటర్లున్న ఇంజను 3.6 లీటర్లైంది, రెండు టర్బోల బదులు మధ్యలో విద్యుత్ మోటారు ఉన్న ఒకే టర్బో, గేర్‌బాక్స్‌లో ఇంకో మోటారు, 1.9 కిలోవాట్ అవర్ల బుల్లి బ్యాటరీ. మొత్తం పెరిగిన బరువు 50 కిలోలు. పదేళ్ళపాటు చిన్నవి చేయండి చిన్నవి చేయండి అన్న రూల్సే ఇప్పుడు పెద్దవి చేయమంటున్నాయి. నన్నడిగితే ఈ మధ్య రూల్స్ పుణ్యమా అని పుట్టిన ఇంజనీరింగ్‌లో ఇదే నిజాయితీ గలది. ధర మాత్రం అడక్కండి.

నిజాయితీ లేని దారి ప్లగ్-ఇన్ హైబ్రిడ్. 2024 బీఎండబ్ల్యూ ఎం5: 4.4 లీటర్ల వీ8, విద్యుత్ మోటారు, కలిపి 727 హార్స్‌పవర్, బరువు 2.4 టన్నుల పైన, పాతదానికంటే సుమారు అయిదు వందల కిలోలు ఎక్కువ. కాగితం మీద కార్బన్ ఎంతో తెలుసా, కిలోమీటరుకి 40 గ్రాముల లోపు. చిన్న ఆల్టో కూడా కలలో చూడని అంకె. యజమాని రోజూ చార్జింగ్ పెట్టి ఎక్కువ దూరం బ్యాటరీ మీదే తిరుగుతాడని లెక్కల్లో ఊహించుకుంటారు, అదీ కిటుకు. అలా తిరగడం లేదని తేలాక 2025 నుంచి ఆ ఊహని దశలవారీగా తగ్గిస్తున్నారు. మెర్సిడెస్ ఏఎంజీ సీ63 కథ ఇంకా విషాదం. ఒకప్పుడు 6.2 లీటర్ల వీ8 పేరు చెప్పి అమ్మిన కారులో 2022లో 2.0 లీటర్ల నాలుగు సిలిండర్లు, వెనక మోటారు పెట్టి 680 హార్స్‌పవర్, 2.1 టన్నులు చేశారు. కాగితం మీద, బరువు తప్పిస్తే, పాతదానికంటే మెరుగే. కొనేవాళ్ళు మాత్రం మొహం తిప్పేసుకున్నారు, ఏఎంజీ మళ్ళీ కొత్త వీ8 చేస్తున్నామని చెప్పుకోవాల్సి వచ్చింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టైంది.

ఇదంతా చదివి రూల్స్ అంటేనే దండగ అనుకుంటే అదీ పొరపాటే. 1970ల్లో అమెరికా పొగ చట్టాలు మొదలైనప్పుడు 1975 కార్వెట్ మామూలు వీ8 కేవలం 165 హార్స్‌పవర్‌కి పడిపోయింది. స్పోర్ట్స్ కారు పని అయిపోయిందని అప్పుడూ అన్నారు. ఫ్యూయల్ ఇంజెక్షన్, కంప్యూటర్లు, మంచి కన్వర్టర్లు వచ్చాక నేటి కార్వెట్ దానికి మూడింతల శక్తితో, దాంతో పోలిస్తే ఎన్నో రెట్లు శుభ్రంగా నడుస్తోంది. విషవాయువుల రూల్స్ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు, అవి గట్టిగా ఉండాల్సిందే. యూరో 7లో బ్రేకుల నుంచి రాలే దుమ్ముకి కూడా హద్దు పెట్టారు, పెట్రోలు కారుకి కిలోమీటరుకి 7 మిల్లీగ్రాములు, మంచిదే. తిక్క లెక్కలున్నది కార్బన్ సగటులోనే.

ఇప్పుడు అమెరికాలో గాలి ఈ రూల్స్‌కి ఎదురు తిరిగింది. డాడ్జ్ చాలెంజర్, చార్జర్ కార్లూ వాటిలోని హెమీ అనే వీ8 ఇంజన్లూ 2023 చివర్లో ఆగిపోయాయి, వాటి స్థానంలో వచ్చిన ఎలక్ట్రిక్ చార్జర్‌ని పెద్దగా పట్టించుకున్నవాళ్ళు లేరు. 2025 జులైలో కెఫే జరిమానా సున్నా చేస్తూ చట్టం వచ్చింది, అదే వేసవిలో రామ్ ట్రక్కుల్లోకి హెమీ తిరిగొస్తుందని ప్రకటించారు. డల్లాస్‌లోనో అట్లాంటాలోనో ఉండే మనవాళ్ళు, వీ8 మస్టాంగ్ మీద కన్నేసినవాళ్ళు, సంబరపడొచ్చు. కానీ ఒక ఇంజను తయారవడానికి అయిదారేళ్ళు పడుతుంది, ప్రభుత్వం నాలుగేళ్ళకి మారుతుంది, కంపెనీలేమో అదే కారుని యూరప్‌లోనూ అమ్మాలి. యూరోపియన్ యూనియన్ కూడా 2035కి వంద శాతం తగ్గింపు అన్నదాన్ని 90 శాతానికి సడలిద్దామని 2025 డిసెంబరులో ప్రతిపాదించింది. ఆ మిగిలిన పది శాతంలో చోటు దక్కేది ఎవరికో ఊహించడం కష్టం కాదు, ఒక్కో కారు మీద ఎక్కువ లాభం వచ్చేవాటికే.

ఇక మన సంగతి. మన దగ్గరా కెఫే ఉంది, 2017-18 నుంచి 130 గ్రాములు, 2022-23 నుంచి 113, బరువుని బట్టి లెక్క, మూడో విడత 2027 ఏప్రిల్ నుంచి రావాల్సి ఉంది. 2022 సవరణతో జరిమానా కూడా, ఎంత దాటిందో దాన్ని బట్టి, కారుకి 25 వేల రూపాయలో 50 వేలో అని పెట్టారు. మన మార్కెట్లో చవక స్పోర్ట్స్ కారు అన్నదే దాదాపు లేదు కాబట్టి దెబ్బ తగిలింది వేగంగా పోయే సెడాన్లకీ హ్యాచ్‌బ్యాక్‌లకీ. 2023 ఏప్రిల్‌లో రోడ్డు మీద కొలిచే బీఎస్6 రెండో దశ వచ్చినప్పుడు స్కోడా ఆక్టేవియా, సూపర్బ్ రెండూ మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయాయి, నెలకి అమ్మే కొద్దిపాటి కార్ల కోసం ఇంజను మార్చడం దండగ అనుకున్నారు. ఇప్పుడు తిరిగొస్తున్న దారి వేరు: యూరప్‌లో పాసైన కారుని ఇక్కడ మళ్ళీ పరీక్షలు పెట్టకుండా ఏడాదికి 2,500 దాకా తెచ్చుకోవచ్చన్న 2018 నాటి వెసులుబాటు. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ 2025లో అలా వచ్చింది, మొదటి విడత 150 కార్లు, 53 లక్షలు. అందులో రూల్స్ వాటా కంటే దిగుమతి సుంకం వాటాయే ఎక్కువ, అది వేరే గొడవ. ఆక్టేవియా ఆర్ఎస్ 2017లో ఇక్కడే బిగించి అమ్మినప్పుడు 25 లక్షల లోపే ఉండేది. 2025 అక్టోబరులో పూర్తిగా తయారైన కారుగా దిగుమతై వచ్చింది, షోరూం ధర 50 లక్షలు, దేశం మొత్తానికి వంద కార్లు, అవన్నీ డెలివరీలకి ముందే బుక్ అయిపోయాయి.